అప్పన్న బావ పోయించిన పెట్రోలు

స్టాంగర్ నుంచి వెరులం దాకా, ఈ చెరకు తోటల మధ్య, నేను లేపలేని ఇంజను ఇంతవరకు పుట్టలేదు. ఈ మాట నేనంటున్నది కాదు, జనం అంటారు. జనం అనకపోతే నేనే ముందు అని, తరవాత వాళ్ల చేత అనిపిస్తాను. ఎనభై ఏడు వరదల్లో మిల్లు ట్రాక్టరొకటి ఏట్లో మునిగిపోతే, ఈదుకుంటూ వెళ్లి నీళ్ల అడుగునే స్టార్ట్ చేశాను. ఆ పొగకి చేపలు దగ్గుకుంటూ ఒడ్డుకొచ్చాయి. ఆ దగ్గులు విని మా వీధి ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని పరిగెత్తారు. కావాలంటే టోంగాట్‌లో ఎవరినైనా అడగండి. చూసినవాళ్లంతా పోయారు, అది నా తప్పు కాదు.

అలాంటి కిష్టసామిని, అంటే నన్ను, పోయిన వారం ఎక్కడ వదిలేశారో గుర్తుందా? కారులో కూర్చుని, తాళం తిప్పి, తెల్లమొహం వేసిన చోట. గుర్తులేనివాళ్లకీ, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకీ ముందు సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను.

అది తొంభై నాలుగు ఏప్రిల్ ఇరవై ఏడు, బుధవారం. ఈ దేశంలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు, తాతల కాలంలో చెరకు కోతకి ఓడలెక్కి వచ్చిన మనవాళ్లు, అందరూ ఒకే లైనులో నిలబడి మొట్టమొదటిసారి ఓటు వేసే రోజు. మా సింహాచలం అక్క, నాకు వరసకి అక్క, డెబ్భై ఆరేళ్ల మనిషి, కోడి కూయకముందే తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని, చేతిసంచిలో ఐడీ పుస్తకం పెట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుంది. ఓట్లు వేసే బడి అక్కడికి రెండు కిలోమీటర్లు. ఎదురింటివాళ్ల వ్యానులో చోటుంది. అక్క ఎక్కదు. ఎక్కితే తన మొగుడి కారే ఎక్కుతుంది.

ఎందుకంటే అప్పన్న బావ మాట ఇచ్చాడు. పదేళ్ల కిందట, ఎనభై నాలుగులో, మనవాళ్లకి విడిగా ఒక పార్లమెంటు పెడతాం, వచ్చి ఓట్లేయండి అంది ప్రభుత్వం. మిల్లు డ్రైవరు గిల్బర్ట్ లాంటి నల్లవాళ్లకి మాత్రం ఓటు లేదు. "గిల్బర్ట్‌కి లేని ఓటు నాకెందుకు?" అని బావ ఆ రోజంతా తలుపు వేసుకుని ఇంట్లోనే కూర్చున్నాడు. సాయంత్రం అక్కతో అన్నాడట: "అందరం ఒక్క లైనులో నిలబడే రోజొస్తే, నిన్ను ఈ కారు ఎనక సీట్లో కూకోబెట్టి నానే తీసికెల్తాను." అదే రోజు షాల్‌క్రాస్‌లో అక్క చెల్లెలు పెగ్గీ మొగుడితో కలిసి వెళ్లి ఓటేసింది. దాంతో రెండిళ్లకీ మాటల్లేవు. తొంభై ఒకటి మార్చిలో బావ పోయినప్పుడు పెగ్గీ వచ్చింది, గేటు దాకా వచ్చి, గేటు పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

కారు అరవై మూడు మోడల్ ఆస్టిన్, లేత నీలం రంగు. బావ పోయాక ప్రతి శుక్రవారం అక్క దాన్ని తన చేత్తో కడిగి, బానెట్ మీద పసుపు రాసి కుంకుమ పెట్టి, నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి హారతిచ్చేది. టోంగాట్‌లో అన్ని స్నానాలు చేసిన దేవుడు ఏ గుళ్లోనూ లేడు. ఇక దాన్ని ప్రతి ఆదివారం ఒకసారి స్టార్ట్ చేసి ఉంచే పని నాది. బావ పదహారో రోజు భోజనాల దగ్గర నలుగురి ముందు లేచి నిలబడి, నాకు నేనుగా నెత్తిన వేసుకున్న పని అది. ఆదివారం పొద్దున్నే రావడం, కారులో కూర్చోవడం, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి "ఒక్క తిప్పుకే లేచిందక్కా!" అనడం, అక్క వండిన పీతల కూరతో అన్నం తినడం. మూడేళ్లు.

ఆ ఓట్ల రోజు పొద్దున మాత్రం తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. అక్కడే కదా ఆపాం!

"బ్యాటరీ," అన్నాను నేను, వైద్యుడు నాడి పట్టుకున్నట్టు బానెట్ మీద చెయ్యి వేసి.

మిల్లు బక్కీ, అదే వెనక తొట్టి ఉన్న చిన్న బండి, నడిపే గిల్బర్ట్ తెల్ల చొక్కా తొడుక్కుని, టై కట్టుకుని, ఓటుకి వెళ్తూ దారిలో ఆగాడు. బక్కీ వెనక జనం నిండిపోయి ఉన్నారు. వాళ్ల కాళ్ల మధ్యలోంచి స్పేర్ బ్యాటరీ ఒకటి, ఐదు లీటర్ల పెట్రోలు డబ్బా ఒకటి దించి నా ముందు పెట్టాడు. ఏం జరుగుతుందో ఏమోనని ఊరంతా నెల రోజులుగా కొవ్వొత్తులూ, చేపల డబ్బాలూ, పెట్రోలూ దాచిపెట్టుకుంటున్న రోజులవి. పంపులన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఐదు లీటర్లంటే ఆ పూట అమృతం.

"మదాలా," అన్నాడు గిల్బర్ట్. మదాలా అంటే ముసలాయన అని. నన్ను ఆ పేరుతో తప్ప పిలవడు. "ప్రతి ఆదివారం స్టార్ట్ చేసే కారుకి బ్యాటరీ ఎలా చచ్చింది?"

"దేశమంతా సెలవు కదా. దానికీ సెలవే."

"ఐష్!" అని నవ్వి, తల అడ్డంగా ఊపి, వెళ్లిపోయాడు.

బ్యాటరీ బిగించాను. తాళం తిప్పితే ఇంజను గిర్రుమని తిరిగింది. అక్క కుర్చీలోంచి సగం లేచింది. తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. అంటుకోదు. ఇంకోసారి. ఇంకోసారి. అక్క మళ్లీ కూర్చుంది.

అప్పుడు నా పాండిత్యమంతా బయటికి తీశాను. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాను. ఉప్పుకాగితంతో పాయింట్లు గీకాను. ఫ్యాన్ బెల్టు వేలితో మీటి విన్నాను, దానికీ దీనికీ సంబంధం లేకపోయినా. ఒక స్క్రూ జారి గడ్డిలో పడితే, దాని కోసం మోకాళ్ల మీద పావుగంట వెతికాను.

"ఏట్రా అది, కారు బాగుసేత్తన్నావా, గడ్డి మేత్తన్నావా?" అంది అక్క వరండాలోంచి.

"ఓపిక పట్టక్కా. పాత బండి. బుజ్జగించాలి."

"పది దాటిపోతన్నాది. నాను సచ్చినాక బుజ్జగింతావా?"

సరిగ్గా అప్పుడే పెరటి కంచె మీంచి సరస్ తల కనిపించింది.

సరస్ గురించి చెప్పడానికి ఈ పత్రిక పేజీలు చాలవు గాని ప్రయత్నిస్తాను. అక్క వెనకింటి పిల్ల. పిల్ల అంటే నాకు పిల్ల, అప్పటికే నలభై మూడేళ్లు. ఇరవై ఏళ్లుగా చక్కెర మిల్లు లేబొరేటరీలో పని. లారీల్లో వచ్చిన చెరకు పిండి, ఆ రసం ఎంత తీపి, ఎంత పులుపు, నరికి ఎన్నాళ్లయిందీ చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ గదిలో గాజు గొట్టాలున్నాయి, మెషీన్లున్నాయి. సరస్ అవేవీ చూడకముందే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "మూడు రోజులు" అనేసేది. తరవాత మెషీను కూడా మూడు రోజులే అనేది. మిల్లు పెద్ద ఇంజనీరు తెల్లదొర ఆ ముక్కుని చూసి, "దీనికి ఇన్సూరెన్స్ చేయించాలి" అన్నాడని చెప్పుకునేవారు. ఆమె మాట్లాడేది ముప్పాతిక ఇంగ్లీషు. ఇక్కడ నేను తెలుగులోకి దించి రాస్తున్నాను. తిట్లు మాత్రం ఆమెవే, వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్న అచ్చ తెలుగువి.

"అంకుల్, ఆ చప్పుడు గంట నుంచి వింటున్నాను. ఉన్న బ్యాటరీ కూడా చంపేస్తావు. పక్కకి జరుగు."

"ఇది లేబొరేటరీ కాదమ్మా, ఇంజను."

"జరుగు, నీ మొహం మండ!"

జరిగాను.

ఆ పిల్ల పని చూడాలి. నాలాగ చేతికందినదల్లా విప్పలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ముందు ఊరికే చూసింది. తరవాత ఒక్క ప్లగ్గు విప్పింది. దాన్ని తీగతో సహా ఇంజను ఇనుము మీద ఆనించి పట్టుకుని, "ఇప్పుడు తిప్పు" అంది. తిప్పాను. ప్లగ్గు కొన దగ్గర నీలంగా చిటుక్కుమంది.

"నిప్పు ఉంది. నువ్వు గంట సేపు గీకింది దీని కోసమే కదా?"

నేను మేఘాలు చూశాను.

ప్లగ్గు తడిగా ఉంది. సరస్ దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుంది. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ చూసింది. గిల్బర్ట్ ఇచ్చిన డబ్బా మూత తీసి అది వాసన చూసింది, మళ్లీ ప్లగ్గు వాసన చూసింది. ఏమీ అనకుండా కారు వెనక్కి వెళ్లి ట్యాంకు మూత తిప్పి, వంగి, కళ్లు మూసుకుంది. అలా ఎంతసేపు ఉందో. గుళ్లో దణ్ణం పెట్టుకుంటున్నట్టే ఉంది.

"రా అంకుల్. నువ్వూ చూడు. మంచి పెట్రోలు వాసన ఎలా ఉంటుంది? ముక్కులో గుచ్చుతుంది, కళ్లలో నీళ్లొస్తాయి. ఇందులో ఏమైనా గుచ్చుతోందా?"

చూశాను. గుచ్చడం లేదు. బల్లలకి వేసే వార్నిషు డబ్బా అడుగున మిగిలిపోయినట్టు, పుల్లగా, మందంగా, ఏదో ముసలి వాసన.

"ముసలి వాసన మనుషులకే వస్తుందనుకున్నాను," అన్నాను.

సరస్ నవ్వలేదు. ఒక టీ చెంచా తెప్పించింది. కార్బొరేటర్ నోరు విప్పి, డబ్బాలోని కొత్త పెట్రోలు ఒక్క చెంచా అందులో పోసి, డబ్బా దూరంగా పెట్టించి, "తిప్పు" అంది.

తిప్పాను. భగ్గుమని లేచింది కారు! వరండా కిటికీలు అదిరాయి, అక్క చీర కొంగు ఎగిరింది, పక్కింటి కుక్క గొలుసు తెంచుకుంది. నాలుగు క్షణాలు. నాలుగే. తరవాత దగ్గి, ఒణికి, ఆగిపోయింది.

"అదిగో! అదిగో లేసింది!" అక్క కర్ర లేకుండా మెట్టు దిగేసింది. "మరెందుకాగిపోనాది?"

"పెద్దమ్మా, కారుకి ఏ రోగమూ లేదు," అంది సరస్, ఆమె చెవి దగ్గరికి వంగి, గట్టిగా. అక్కకి కాస్త చెముడు. "మంచి తిండి ఒక్క చెంచా పెడితే లేచింది చూశావా? ట్యాంకులో ఉన్న తిండే పాడైపోయింది."

అక్క నమ్మలేదు. పెట్రోలు పాడవడమేమిటి, అదేమైనా పాలా? అప్పుడు సరస్ రెండు తెల్ల సాసర్లు తెచ్చి వరండా గోడ మీద ఎండలో పెట్టింది. ఒకదాంట్లో కొత్త పెట్రోలు ఒక చెంచా, ఇంకోదాంట్లో ట్యాంకులోంచి రబ్బరు గొట్టంతో లాగింది ఒక చెంచా. కొత్తది నీళ్లలా ఉంది. పాతది టీ డికాక్షన్‌లా ఉంది. కాసేపటికి కొత్తది ఆవిరైపోయి సాసరు కడిగినట్టు తెల్లగా మిగిలింది. రెండోదాంట్లో గోధుమరంగు చార, వేలు పెడితే బంకలా సాగుతోంది.

"ఇదే లోపల సన్నటి కన్నాలన్నిటికీ పట్టేసింది," అంది సరస్.

అక్క ఆ సాసరు వంక చూస్తూ ఉంది. సరస్ నా మోచెయ్యి పట్టుకుని కారు అవతలి పక్కకి లాక్కెళ్లింది. అప్పుడు గొంతు తగ్గించిందే, అక్కకి వినపడకుండా, ఆ మర్యాదకి ఇప్పటికీ నేను ఆ పిల్లకి దణ్ణం పెడతాను.

"అంకుల్. ట్యాంకు ఎంత నిండి ఉందో చూశావా?"

"చూశాను. గొంతు దాకా."

"పెదనాన్న ఎప్పుడు పోయించాడు?"

"తొంభై ఒకటి జనవరిలో. అక్కడెక్కడో యుద్ధం మొదలైంది, ధర పెరుగుతుందని ఫుల్లు చేయించాడు. తరవాత మంచం పట్టాడు."

"మూడేళ్లు, ప్రతి ఆదివారం స్టార్ట్ చేస్తే, పెట్రోలు కొంచెమైనా తగ్గాలి కదా?"

చూశారా దెబ్బ! చెరకు రసం ఎన్నాళ్లదో చెప్పే ముక్కు, నా అబద్ధం ఎన్నాళ్లదో కూడా చెప్పేసింది. మిల్లులో అంత చదువుకున్న ఇంజనీర్లున్నారు, ఒక్కడు కూడా ట్యాంకులోకి చూసి నా గుట్టు చెప్పగలిగేవాడు కాదు.

"ఒక్కసారి కూడా స్టార్ట్ చెయ్యలేదు, అవునా?"

"మొదటి ఆదివారం తాళం పెట్టాను..." అన్నాను. "తిప్పలేదు. బావ సీట్లో కూర్చుని రేడియోలో క్రికెట్ వినేవాణ్ణి. అరగంట. బద్ధకం, సరస్. తరవాత చేతులకి కాస్త గ్రీజు రాసుకుని భోజనానికి వెళ్లేవాణ్ణి."

సరస్ కిటికీలోంచి డాష్‌బోర్డు కేసి చూసింది. నా మొహం కేసి చూసింది.

"పెద్దమ్మకి ఎవరు చెప్తారు?" అంది చివరికి.

"నువ్వు చెప్పు. నువ్వంటే ఆమెకి ఇష్టం."

"నీ నోటితోనే చెప్పు. లేకపోతే నేను ఇప్పుడే కంచె దూకి మా ఇంటికి పోతాను."

కోర్టు బోనెక్కినట్టు వరండా మెట్లెక్కాను. అక్క ముందు నిలబడ్డాను. వరద నీళ్లలో ట్రాక్టరు లేపిన గొంతు, ఆ రోజు పిల్లి గొంతు అయిపోయింది.

"అక్కా, నేను ఆదివారాలు... ఆ కారు..."

"గట్టిగా సెప్పు."

"కారు స్టార్ట్ చెయ్యలేదక్కా! మూడేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యలేదు! నీకు అబద్ధం చెప్పాను!"

అంత గట్టిగా అరిచానంటే, ఎదురింటివాళ్లు బయటికొచ్చారు.

అక్క చేతిసంచి ఒళ్లో సర్దుకుంది. "అదా. అది నాకు తెల్దేటి?"

అక్క కారు కేసి గడ్డం ఎగరేసింది.

"నువ్వు కూడు తినీసి ఎల్లిపోనాక, నాను ఎల్లి బానెట్ మీద సెయ్యెట్టేదాన్ని. మొదటి ఆదివారం సల్లగున్నాది. రెండో ఆదివారం సల్లగున్నాది. మూడేళ్లూ సల్లగానే ఉన్నాదిరా."

"మరి తెలిసీ పీతల కూర ఎందుకు పెట్టావక్కా?"

"వారానికొక మనిసి ఆ కారులో కూకున్నాడు కదా. అదైనా సాలనుకున్నాను. ఇస్టార్టు సెయ్యకపోతే పెట్రోలు కుళ్లిపోద్దని నాకేటి తెలుసు! తెలిస్తే నీ యీపు సీపురుతో ఇరగ్గొట్టేదాన్ని," అంది.

ఆ చీపురు దెబ్బలు ఇప్పటికీ బాకీ.

అసలు పోట్లాట ఆ తరవాత వచ్చింది. ట్యాంకు ఖాళీ చెయ్యాలి, ఆ పెట్రోలంతా తీసెయ్యాలి అంది సరస్. అక్క మొహం రాయి అయిపోయింది.

"తీసెయ్యడానికి ఈల్లేదు."

"పెద్దమ్మా, అది ఉంటే కారు కదలదు."

"ఆయన సేత్తో పోయించినాడు. ఆకరిసారి. ఆ బొగ్గు లాంటి పొడుగు సేత్తో డబ్బులిచ్చి, దగ్గరుండి పోయించినాడు. ఆయనది ఇంకేటుంది ఈ ఇంట్లో? సొక్కాలు ఇచ్చీసినాను. సెప్పులు ఇచ్చీసినాను. అది పారబోస్తారా?"

ఓటుకి ఆ కారే కావాలి. కారుకి ఆ పెట్రోలు పనికిరాదు. మొగుడి గుర్తు మిగలాలంటే ఆ పెట్రోలు పారబొయ్యకూడదు. పదకొండు గంటలకి ఎండ నెత్తికెక్కుతోంది. నేనైతే ఏదో అబద్ధం అల్లి, సీసాల్లో దాచిపెడతాం, మళ్లీ పోస్తాం అనేవాణ్ణి. సరస్ అబద్ధం చెప్పలేదు. ఓదార్చలేదు కూడా. పాత సాసరు తెచ్చి అక్క చేతిలో పెట్టి, ఆమె కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుంది.

"పెద్దమ్మా, నువ్వు చెరకు నరికినదానివి. వాసన చూడు. ఇది ఎలా ఉంది?"

అక్క చూసింది. ముక్కు చిట్లించింది. మళ్లీ చూసింది. పన్నెండేళ్ల వయసు నుంచి కత్తి పట్టుకుని చెరకు చేలో తిరిగిన ముక్కు అది.

"నరికి వొదిలీసిన గడ," అంది. "ఎండలో పడుండి పులిసిపోయిన గడ."

"పెదనాన్న మిల్లు గేటు దగ్గర పనిచేసేటప్పుడు, అలాంటి చెరకు లారీ వస్తే ఏం చేసేవాడు?"

అక్క సాసరులో చార మీద వేలు పెట్టి, రెండు వేళ్ల మధ్య నలిపి, ఆ వేళ్లు చూసుకుంది.

"ఎనక్కి తోలీసేవోడు," అంది. "ఎంత పెద్ద దొర తోటదైనా సరే. ఒకపాలి మా నాన్న లారీ తెచ్చినాడు. మూడో రోజు గడ. పిల్లనిచ్చిన మావ కదా, వొదిలీ అన్నారందరూ. ఒదల్లేదు. ఎనక్కి తోలీసినాడు. మా నాన్న ఆరు నెలలు మా గడప తొక్కనేదు." నవ్వు లాంటిదొకటి మొహం మీదికి వచ్చింది. "తన సొంత ట్యాంకైతే మాత్రం వొదుల్తాడేటి ఆ మొండోడు! తీసీయండి. నా కళ్ల ముందే తీసీయండి."

ఇరవై ఏళ్లు రసం గ్లాసులు పట్టుకుని సరస్ చక్కెర లెక్కలు నేర్చుకుందనుకున్నాను ఇన్నాళ్లూ. ఎవరి గడ ఎక్కడ నరకాలో కూడా ఆ గదిలోనే నేర్చుకుందన్నమాట.

ట్యాంకు కింద బోల్టు విప్పితే, మూడేళ్ల పెట్రోలు టీ రంగులో బుడబుడమంటూ పాత నూనె డబ్బాల్లోకి దిగింది. అక్క కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చుని ఆఖరి చుక్క దాకా చూసింది. సరస్ కార్బొరేటర్ విప్పి గిన్నెలో వేసి, గిల్బర్ట్ పెట్రోలు లీటరు పోసి, పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్దింది. జెట్టు అని ఒక ఇత్తడి ముక్క ఉంటుంది, అందులో కన్నం ఆవగింజంత. అది పూర్తిగా మూసుకుపోయి ఉంది. నేను హుషారుగా ఇనుప తీగ ముక్క అందించాను.

"ఇత్తడి మెత్తన. తీగ పెడితే కన్నం పెద్దదైపోతుంది. తరవాత ఎన్నటికీ సరిగ్గా నడవదు," అని నా చెయ్యి పక్కకి నెట్టి, మూలనున్న చీపుర్లోంచి ఒక్క ఈనె లాగి, దానితో పొడిచి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. కన్నంలోంచి సూదంత ఆకాశం కనిపించింది. గొట్టాల్లో సైకిలు పంపుతో గాలి కొట్టింది. ప్లగ్గులు తుడిచింది. ఏ ముక్క విప్పిందో ఆ వరసలోనే పాత దినపత్రిక మీద పేర్చుకుంది గనక, తిరిగి బిగించేటప్పుడు ఒక్క స్క్రూ గడ్డిలో వెతకాల్సిన పని పడలేదు. నేను విప్పితే ఎప్పుడూ రెండు స్క్రూలు మిగిలిపోతాయి. అవి కంపెనీవాళ్లు ఎక్కువ వేశారని చెబుతుంటాను.

మిగిలిన నాలుగు లీటర్లూ ట్యాంకులో పోశాం. ఒంటిగంట దాటింది.

సరస్ చేతులు తుడుచుకుని, తాళం నా చేతిలో పెట్టింది.

"నువ్వు తిప్పు. నువ్వు బాగు చేశావు," అన్నాను.

"మూడేళ్ల ఆదివారాలు బాకీ ఉన్నావు, అంకుల్. నువ్వే తిప్పు."

సీట్లో కూర్చున్నాను. తిప్పాను. పంపు పైకి లాక్కునే దాకా రెండు మూడు తిప్పులు పట్టింది. తరవాత ఒక దగ్గు, ఇంకో దగ్గు, వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, ఆపైన నిలకడగా, మెత్తగా, మిల్లు ఆదివారం పూట నడిచినట్టు నడిచింది. ఎదురింటివాళ్లు చప్పట్లు కొట్టారు. సరస్ తల పక్కకి వంచి వింటోంది. రసం గ్లాసు పట్టుకున్నప్పటి మొహమే అది.

అక్క మెల్లగా నడిచి వచ్చి, బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. తీయలేదు. ఐదు నిమిషాలు అలాగే నిలబడింది. మేమెవ్వరమూ తొందరపెట్టలేదు.

"ఎచ్చబడినాది," అంది.

తరవాత వెనక తలుపు తానే తీసుకుని, వెనక సీట్లో, ఎడమ వైపు, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సరస్ నా పక్కనెక్కింది. బడికి రెండు కిలోమీటర్లు, లైనులో నాలుగు గంటలు నిలబడ్డా పొద్దు ఉండగానే అయిపోతుంది అని లెక్క వేసుకుంటూ గేటు దాటించి, కుడి వైపుకి తిప్పబోయాను.

"ఎడం పక్కకి," అంది అక్క.

"బడి కుడివైపు అక్కా."

"ఏ ఊరు బడిలోనైనా ఎయ్యొచ్చని సెప్పినారు కదా రేడియోలో. అందరం ఒక్క లైనులో అన్నాడు ఆయన. అందరం అంటే పెగ్గీ నేకుండానా? షాల్‌క్రాస్ పోనీ."

షాల్‌క్రాస్ అక్కడికి యాభై కిలోమీటర్ల పైమాటే. ట్యాంకులో ఉన్నది నాలుగు లీటర్లు. దారిలో ఏ పంపులోనూ చుక్క లేదు. పదేళ్లుగా మాట్లాడని చెల్లెలికి మేం వస్తున్నట్టు కబురు లేదు. నేను సరస్ వైపు చూశాను. సరస్ ముందున్న రోడ్డు వైపు చూసింది.

"నెమ్మదిగా పోనీ, అంకుల్," అంది. "కాలు ఎక్కువ నొక్కకు."

ఎడమ వైపుకి తిప్పాను.

ఊరు దాటకముందు ఒక మాట ఒప్పుకుని తీరాలి. ట్రాక్టరు సంగతి నిజం. చేపలు దగ్గిన సంగతీ నిజమే. నేను లేపలేని ఇంజను లేదన్నది మాత్రం సరస్ చేతుల్లో ఎప్పుడో పోయింది, అది మీరే చూశారు. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ క్రికెట్టూ ఆ బద్ధకమూ. ఆ రోజు సరస్‌కి చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను, ఆమె నమ్మలేదు, మీరు నమ్మారు. బావ ఆస్టిన్‌లో రేడియో ఏనాడూ లేదు.